పాత కాలనీలో కొత్త టవర్: ఎత్తు లెక్క నేల మీదే తేలుతుంది

క్లుప్తంగా

హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్క) పరిమితి లేదు కాబట్టి ఎంత ఎత్తయినా కట్టొచ్చనే మాట సగమే నిజం. రోడ్డు వెడల్పు నిబంధన, చుట్టూ వదలాల్సిన ఖాళీ స్థలం కలిసి చిన్న ప్లాటులో టవర్‌ను సాధ్యం కానివ్వవు. అందుకే నగరం లోపల టవర్ కట్టాలంటే ముందు స్థలాలు కలవాలి, యజమానుల సంతకాలు రావాలి. ఆ తర్వాత టవర్ నిలిచేదీ లేనిదీ మెట్లు, నీళ్లు, వీధికి ఆనుకున్న కింది అంతస్తులు, నెలనెలా కట్టే మెయింటెనెన్స్ తేలుస్తాయి.

చర్చ నగరం లోపలికి ఎందుకు వచ్చింది

హైదరాబాద్‌లో టవర్ అనగానే కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ గుర్తొస్తాయి. అక్కడ భూమి ఖాళీగా దొరికింది, లేఅవుట్‌తో పాటే పెద్ద రోడ్లు వచ్చాయి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్ వేలంలో ఎకరం ధర 100 కోట్లు దాటింది. అంత పెట్టి కొన్నాక పైకి కట్టుకుంటూ పోవడం తప్ప బిల్డర్‌కు ఇంకో దారి ఉండదు. నగరం అంచున జరిగే ఈ వ్యవహారం జనానికి చాలావరకు అర్థమైంది. అర్థం కావాల్సింది లోపలి సంగతి. ఇప్పటికే మనుషులు కాపురాలు ఉంటున్న చోట, పాతది తీసేసి టవర్ లేపితే ఏమవుతుంది?

ఈ ప్రశ్న మూడు వైపుల నుంచి వస్తోంది. మొదటిది పాత అపార్ట్‌మెంట్లు. చిక్కడపల్లి, హిమాయత్‌నగర్, అమీర్‌పేట, మారేడ్‌పల్లి వంటి చోట్ల 1980లలో లేచిన తొలి తరం అపార్ట్‌మెంట్లకు నలభై ఏళ్లు నిండుతున్నాయి. అపార్ట్‌మెంట్ల చట్టం 1987లో వచ్చింది. అంతకు ముందూ ఆ వెంటనే కట్టిన భవనాల్లో చాలావాటికి ఇప్పుడు స్లాబు పెచ్చులూడుతోంది, సంపు కారుతోంది, అప్పట్లో నలభై ఏళ్ల వయసులో ఫ్లాటు కొన్నవాళ్లు ఎనభైకి దగ్గరపడి నాలుగో అంతస్తు మెట్లు ఎక్కలేకపోతున్నారు. రెండోది పారిశ్రామిక భూములు. ఔటర్ రింగ్ రోడ్డు లోపలున్న పాత ఇండస్ట్రియల్ ఎస్టేట్లలో ఇళ్లు, వాణిజ్య భవనాలు కట్టుకోవడానికి వీలిచ్చే హిల్ట్ విధానాన్ని ప్రభుత్వం 2025 నవంబరులో తెచ్చింది. బాలానగర్, సనత్‌నగర్, కాటేదాన్, జీడిమెట్ల వంటి వాడల్లోని 9 వేల ఎకరాలకు పైగా భూమికి ఇది వర్తిస్తుంది. ఫీజు తక్కువ పెట్టారని ప్రతిపక్షం, కాలుష్య పరిశ్రమలు బయటికి పోవాలంటే ఇదే దారి అని ప్రభుత్వం వాదించుకున్నాయి. మూడోది మూసీ తీరం. అక్కడి ఇళ్లు తీస్తే ఆ కుటుంబాలకు ఎక్కడ, ఎన్ని అంతస్తుల్లో చోటివ్వాలన్నది 2024 నుంచీ నలుగుతున్న విషయం.

మూడింటిలోనూ ఆర్కిటెక్టు ముందుకు వచ్చే పని ఒకటే: తక్కువ నేల మీద ఎక్కువ ఇళ్లు. అయితే మూడు చోట్లా నేల ఒకే రకం కాదు. అపార్ట్‌మెంటు స్థలంలో ఓనర్లు ఇరవై మంది. ఫ్యాక్టరీ స్థలంలో ఓనరు ఒక్కరే గానీ, దశాబ్దాల రసాయనాలు మట్టిలో ఉండొచ్చు; కాటేదాన్ మట్టిలో సీసం వంటి భార లోహాలు ఉన్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు ఎప్పుడో చూపించారు. అలాంటి చోట సెల్లార్ తవ్విన మట్టి ఎక్కడ పోస్తారు, బోరు నీళ్లు తాగొచ్చా అన్నవి ఎలివేషన్ (భవనం ముందు వైపు బొమ్మ) గీయకముందే తేలాలి.

వందేళ్ల కిందటి అనుభవం

ఉన్న బస్తీలను కూల్చి కొత్తగా కట్టడం ఈ ఊరికి కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద నగరాన్ని ఊడ్చేశాక ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. గాలి, వెలుతురు లేని ఇరుకు బస్తీలను తీసి రోడ్లు వేయడం, ఇళ్లు కట్టడం దాని పని. పత్తర్‌గట్టిలో ఇవాళ్టికీ కనిపించే రాతి కమానుల వరస ఆ బోర్డు కాలానిదే. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ కూడా ఆ కాలంలోనే లేచింది.

పత్తర్‌గట్టిని ఒకసారి దగ్గరగా చూస్తే ఆనాటి డిజైనర్ ఆలోచన కనబడుతుంది. రోడ్డు వెడల్పయింది, భవనం పెద్దదయింది. కానీ కింద కొట్లు రోడ్డుకే తెరుచుకుంటాయి, కమానుల కింద జనం ఎండ తగలకుండా నడుస్తారు, గదులు పైన ఉంటాయి. నడిచేవాడికీ భవనానికీ మధ్య గోడ లేదు. ఈ సంగతి కింద మళ్లీ అవసరమవుతుంది.

ఎఫ్‌ఎస్‌ఐ లేదు, అయినా పరిమితి ఉంది

స్థలం విస్తీర్ణానికి ఎన్ని రెట్లు కట్టొచ్చో చెప్పే లెక్కే ఎఫ్‌ఎస్‌ఐ. ముంబై అంతా ఆ లెక్క మీదే నడుస్తుంది. హైదరాబాద్‌లో 2006 నాటి జీవో 86 తర్వాత ఆ పట్టు పోయింది. 2012 నాటి జీవో 168 కూడా అదే దారిలో సాగింది. తర్వాత సవరణలు వచ్చినా ఇప్పటి నిబంధనలకు మూలం అదే. దీనివల్ల ఇక్కడ ఎంతైనా కట్టొచ్చనే అభిప్రాయం బలపడింది. నిజానికి పరిమితి పోలేదు, వేరే రూపంలో ఉంది. భవనం ఎత్తు పెరిగేకొద్దీ ఎదుట రోడ్డు వెడల్పు పెరగాలి, నాలుగు వైపులా వదిలే సెట్‌బ్యాక్ పెరగాలి.

జీవో 168 పట్టిక ప్రకారం 21 మీటర్ల ఎత్తుకు 12 మీటర్ల రోడ్డు, అంటే మన లెక్కలో 40 అడుగుల రోడ్డు, చుట్టూ 7 మీటర్ల ఖాళీ చాలు. 30 మీటర్లకు వెళ్తే 60 అడుగుల రోడ్డు, 10 మీటర్ల ఖాళీ. 55 మీటర్లకు వంద అడుగుల రోడ్డు, 16 మీటర్ల ఖాళీ. ఆపైన ప్రతి 5 మీటర్ల ఎత్తుకు మరో అర మీటరు వదలాలి.

దీన్ని ఒక ప్లాటు మీద పెట్టి చూద్దాం. 40 మీటర్లు, 50 మీటర్ల కొలతలున్న స్థలం, అంటే 2000 చదరపు మీటర్లు, దాదాపు 2400 గజాలు. 7 మీటర్లు వదిలితే లోపల మిగిలేది 26 బై 36, అంటే 936 చదరపు మీటర్లు. ఆరు అంతస్తులు వేస్తే మొత్తం 5600 చిల్లర. 30 మీటర్ల ఎత్తుకు వెళ్తే మిగిలేది 20 బై 30. తొమ్మిది అంతస్తులు వేసినా 5400. ఇక 55 మీటర్లకు వెళ్తే మిగిలేది 8 బై 18, అంటే 144 చదరపు మీటర్లు. అందులో లిఫ్టులు, రెండు మెట్ల దారులు పెట్టాక ఇల్లు కట్టడానికి చోటే ఉండదు. పదిహేడు అంతస్తులు వేసినా 2400 చిల్లరే. ఎత్తు పెరిగింది, కట్టేది సగానికి పైగా తగ్గింది.

అదే రెండెకరాల చతురస్రం తీసుకుంటే, ఒక్కో పక్క 90 మీటర్లు, కథ తిరగబడుతుంది. 21 మీటర్లలో ఆరు అంతస్తులకు కాగితం మీద 34 వేల చదరపు మీటర్లు దాటుతుంది. 55 మీటర్లలో 57 వేలు. 90 మీటర్లకు వెళ్తే చుట్టూ 19.5 మీటర్లు వదిలినా, 29 అంతస్తులకు 75 వేలు. వెలుతురు కోసం, ఉమ్మడి ఖాళీ స్థలం కోసం ఇందులో చాలా కోతపడుతుంది, కానీ దిశ అదే. టవర్ అనేది పెద్ద స్థలానికే గిట్టుబాటయ్యే రూపం.

నగరం లోపలి ఇబ్బంది ఇక్కడే ఉంది. పాత అపార్ట్‌మెంట్లు ఎక్కువగా వెయ్యి గజాల లోపు స్థలాల్లో, 30, 40 అడుగుల రోడ్ల మీద ఉన్నాయి. ఐదంతస్తులు కూల్చితే మళ్లీ వచ్చేది కింద పార్కింగ్‌కు వదిలిన స్టిల్ట్ మీద ఐదంతస్తులే. ఇరవై ఫ్లాట్ల చోట ఇరవై ఫ్లాట్లు. అమ్ముకోవడానికి మిగులు లేకపోతే బిల్డర్ ముందుకు రాడు. ఖర్చంతా ఉన్నవాళ్లే పెట్టుకోవాలి. ముంబైలో ప్రభుత్వం అదనపు ఎఫ్‌ఎస్‌ఐ ఇచ్చి బిల్డర్‌ను ఆకర్షిస్తుంది. అదుపులో పెట్టిన సరుకు కాబట్టి దానికి విలువ ఉంది. హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ తాళమే లేదు కాబట్టి తాళంచెవి ఇచ్చి బేరమాడే అవకాశం కూడా లేదు. ఇక్కడ ప్రభుత్వం చేతిలో ఉన్నది సెట్‌బ్యాక్ సడలింపు, టీడీఆర్ అనే బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు. రోడ్డు విస్తరణకు భూమి ఇచ్చినవాళ్లకు నగదు బదులు దానికి నాలుగు రెట్ల నిర్మాణ హక్కు సర్టిఫికెట్‌గా ఇస్తారు. దాన్ని కొన్నవాళ్లు మరోచోట అదనపు అంతస్తు వేసుకోవచ్చు. సెట్‌బ్యాక్ సడలింపుతో ఇల్లు పెరుగుతుంది గానీ గాలి, ఫైరింజన్ దారి తగ్గుతాయి. ఇందులో ఉచితంగా వచ్చేది ఏదీ లేదు.

బేగంపేట చుట్టుపక్కల ఇంకో పరిమితి ఉంది. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కు మారినా పాత ఎయిర్‌పోర్టు ఇంకా వాడుకలోనే ఉంది. రన్‌వేకు దగ్గర్లో ఎంత ఎత్తు లేపాలన్నా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ కావాలి. అమీర్‌పేట, సనత్‌నగర్ వైపు స్థలం, రోడ్డు రెండూ కుదిరినా ఎత్తు మీద చివరి మాట అక్కడినుంచే వస్తుంది.

సంతకాల దగ్గర ఆగే ప్రాజెక్టులు

చిన్న ప్లాటులో టవర్ రాదు కాబట్టి పక్కపక్కనున్న నాలుగైదు అపార్ట్‌మెంట్లు కలవాలి. అంటే వంద మంది ఓనర్లు. ఫ్లాటు రిజిస్ట్రేషన్‌లో ఒక్కొక్కరికీ భూమిలో విడదీయరాని వాటా రాసి ఉంటుంది. ఒక్క సంతకం రాకపోయినా బిల్డర్‌తో చేసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ గట్టిగా నిలబడదు. విదేశంలో ఉన్న కొడుకు, తగాదాలో ఉన్న అన్నదమ్ములు, బ్యాంకు లోను తీరని ఓనరు, ఇలా ఎక్కడో ఒకచోట ముడి పడుతుంది.

మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీల రీడెవలప్‌మెంట్‌కు 2019 మార్గదర్శకాల ప్రకారం 51 శాతం మంది ఒప్పుకుంటే చాలు. సింగపూర్‌లో ప్రైవేటు అపార్ట్‌మెంట్‌ను మొత్తంగా అమ్మడానికి పదేళ్లు దాటిన భవనమైతే 80 శాతం, అంతకన్నా కొత్తదైతే 90 శాతం వాటా ఉన్నవాళ్లు ఒప్పుకోవాలి. ఈ రెండూ ఆకాశం నుంచి ఊడిపడ్డ అంకెలు కావు. శాతం తగ్గించేకొద్దీ పని త్వరగా సాగుతుంది, ఒప్పుకోని ముసలి దంపతుల మాటకు విలువ తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఏ శాతం సరైనదో చెప్పడం కన్నా, ఒప్పుకోని వాళ్లకు ఏ రక్షణ ఉంటుందో ముందు రాయడం ముఖ్యం. మధ్యకాలంలో అద్దె ఎవరు కడతారు, పని ఆగిపోతే ఎవరు పూర్తి చేస్తారు, పాత ఫ్లాటుకు సమానంగా ఎంత ఇస్తారు?

ఈ చివరి ప్రశ్నలో ఓ చిక్కుంది. 'అంతే చదరపు అడుగులు ఇస్తాం' అన్న మాట విని సంతోషపడే ముందు ఏ అడుగులో అడగాలి. పాత ఐదంతస్తుల భవనంలో ఒక మెట్ల దారి, చిన్న వరండా తప్ప ఉమ్మడి స్థలం పెద్దగా లేదు. టవర్‌లో నాలుగు లిఫ్టులు, రెండు మెట్ల దారులు, లాబీ, పైపులు వెళ్లే డక్టులు, క్లబ్‌హౌస్ ఉంటాయి. వాటి వాటా కలిపి చెప్పేదే సూపర్ బిల్టప్. అందులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇంటి తలుపు బయటే ఉంటుంది. పాత 1200 అడుగుల ఫ్లాటుకు కొత్త 1200 అడుగులు తీసుకుంటే, సామాన్లు సర్దుకునేనాటికి ఒక గది తగ్గినట్టు ఉంటుంది. రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం రెరా కార్పెట్ ఏరియాకు, అంటే ఫ్లాటు లోపల నిజంగా వాడుకునే స్థలానికి, నిర్వచనం ఇచ్చింది ఈ గందరగోళం పోవడానికే. మార్పిడి లెక్క కూడా కార్పెట్ మీదే రాసుకోవాలి.

టవర్ లోపల ఏమి మారుతుంది

ఐదంతస్తుల భవనం దాని బరువు తను మోస్తే సరిపోతుంది. ముప్పై అంతస్తుల భవనాన్ని గాలి కూడా తోస్తుంది. హైదరాబాద్ భూకంపాల రెండో జోన్‌లో ఉంది. ఇక్కడ డిజైన్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. 50 నుంచి 250 మీటర్ల భవనాలకు ఐఎస్ 16700 అనే ప్రత్యేక ప్రమాణం 2017లో వచ్చింది. కింద గట్టి గ్రానైటు దొరకడం ఈ ఊరి అదృష్టం, పునాదికి లోతు ఎక్కువ పోనక్కర్లేదు. అదే గ్రానైటు సెల్లార్ తవ్వేటప్పుడు శత్రువవుతుంది. ఖాళీ మైదానంలో బండ పగలగొట్టడం ఒక ఎత్తు, పక్కింటి యాభై ఏళ్ల గోడకు పదడుగుల దూరంలో పగలగొట్టడం ఇంకో ఎత్తు. వానాకాలంలో సెల్లార్ తవ్వకాలు ఆపమని జీహెచ్‌ఎంసీ ఏటా చెప్పేది కూడా మట్టి జారి పక్క భవనాలు దెబ్బతింటాయనే.

టవర్లలో ఇప్పుడు ఎక్కువగా మైవాన్ పద్ధతి వాడుతున్నారు. అల్యూమినియం అచ్చుల్లో గోడ, స్లాబు కలిపి కాంక్రీటు పోస్తారు. వారం పది రోజులకో అంతస్తు లేస్తుంది. మధ్యకాలంలో అద్దె ఇళ్లలో ఉండే పాత ఓనర్లకు ఆ వేగం విలువైనదే. కానీ గోడే భవనాన్ని మోస్తుంది కాబట్టి తర్వాత రెండు గదులు కలపడం, కొత్త తలుపు పెట్టడం కుదరదు. పలుచని కాంక్రీటు గోడ తొమ్మిదంగుళాల ఇటుక గోడ కన్నా ఎండను తొందరగా లోపలికి పంపుతుంది. ఏప్రిల్ సాయంత్రం పడమటి బెడ్‌రూమ్ గోడ మీద చెయ్యి పెడితే తేడా తెలిసిపోతుంది. పడమటి వైపు నీడ, లోతైన బాల్కనీ, జాలీ లాంటివి ఆ గోడకు మందు. వర్షాకాలం గాలి కూడా ఆ వైపు నుంచే వస్తుంది కాబట్టి పడమరను పూర్తిగా మూసేయడం కూడా నష్టమే.

వాస్తు గురించి చెప్పకుండా హైదరాబాద్ ప్లాను గురించి చెప్పడం అసంపూర్ణం. కొనేవాళ్లలో చాలామంది తూర్పు లేదా ఉత్తరం ద్వారం అడుగుతారు, వంటగది ఆగ్నేయంలో, పెద్ద పడకగది నైరుతిలో కోరతారు. ఫ్లాట్లను అద్దంలో బొమ్మలా ఎదురెదురుగా పెడితే రెండు వంటగదులు ఒకే డక్టును పంచుకుంటాయి, పైపులు తగ్గుతాయి. రెండిళ్లకూ ఆగ్నేయంలోనే వంటగది కావాలంటే ఆ అద్దం పనిచేయదు. డక్టులు రెట్టింపవుతాయి, కారిడార్ వంకరలు తిరుగుతుంది. కొనేవాళ్ల నమ్మకాన్ని డిజైనర్ కాదనలేడు. దానివల్ల పెరిగే ఉమ్మడి స్థలాన్ని మాత్రం లెక్కలో చూపించాలి.

మంటలు వచ్చిన రోజు

2025 మే 18 తెల్లవారాక చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌస్‌లో పాత భవనానికి నిప్పంటుకుని 17 మంది చనిపోయారు. కింద దుకాణాలు, పైన కాపురం, బయటికి ఇరుకైన ఒకే దారి. 2023 నవంబరులో నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిల్వ చేసిన రసాయనాలు అంటుకుని తొమ్మిది మంది పోయారు. పాత భవనాలను మార్చాలనే వాదనకు ఇంతకన్నా బలమైన కారణం అక్కర్లేదు. మెట్ల దారి ఒక్కటే ఉంటే అదే పొగగొట్టమవుతుంది.

టవర్ ఈ సమస్యను దానంతటదే తీర్చదు. ఎత్తు పెరిగితే నిచ్చెన అందదు, కాబట్టి భవనమే తనను తాను కాపాడుకునేలా కట్టాలి. దూరదూరంగా రెండు మెట్ల దారులు, పొగ లోపలికి రాకుండా గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు, ఫైర్ లిఫ్టు, స్ప్రింక్లర్లు, వాటికోసమే ఉంచిన నీళ్లు. జాతీయ భవన నియమావళి 60 మీటర్లు దాటిన నివాస టవర్లకు రెఫ్యూజ్ ఏరియా అడుగుతుంది. జనం తాత్కాలికంగా ఆగి ఊపిరి పీల్చుకునే చోటది. దాన్ని తర్వాత స్టోర్‌రూమ్‌గానో, పార్టీ హాలుగానో మార్చకుండా చూడడం ప్లాను చేతిలో కొంత, అసోసియేషన్ చేతిలో కొంత ఉంటుంది.

లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్‌ది ఈ విషయంలో తప్పక చెప్పుకోవాల్సిన కథ. అది 24 అంతస్తుల పాత ప్రభుత్వ నివాస భవనం. ప్రాంత పునరుద్ధరణలో భాగంగా బయట కొత్త తొడుగు వేసి 2016లో పని ముగించారు. 2017 జూన్‌లో ఒక వంటగదిలో మొదలైన మంట ఆ తొడుగు పట్టుకుని పైదాకా పాకింది. 72 మంది చనిపోయారు. మెట్ల దారి ఒక్కటే. హైదరాబాద్‌లో పాత భవనాలకు ఏసీపీ షీట్లు (మధ్యలో వేరే పదార్థం నింపిన అల్యూమినియం పలకలు) కొట్టి కొత్తగా కనబడేలా చేయడం మామూలైపోయింది. ఆ షీటు మధ్యలో ఏ పదార్థం ఉందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ.

ఇంకొకటి. సెట్‌బ్యాక్ పేరుతో వదిలిన స్థలం ఫైరింజన్ తిరగడానికి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన ఆర్నెల్లకు అందులో జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, గెస్ట్ పార్కింగు, కుండీలు చేరిపోతాయి. ముందే వాటికి వేరే చోటు చూపించని ప్లాను ఆ కబ్జాకు తనే దారి ఇస్తుంది.

లైను మీద పడే బరువు

ఒక టవర్ అనుకుందాం: 30 అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది ఫ్లాట్లు, మొత్తం 240 ఇళ్లు. ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణం. రోజుకు దాదాపు 1 లక్ష 30 వేల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లలో తేవాలంటే 26 ట్యాంకర్లు. అదే స్థలంలో అంతకు ముందు 40 ఇళ్లున్నాయనుకుంటే నాలుగైదు ట్యాంకర్ల నీళ్లు చాలేవి. వాడిన నీళ్లలో 80 శాతం డ్రైనేజీలోకి వస్తుంది, అంటే రోజుకు లక్ష లీటర్లు. ఆ వీధి కింద ఉన్న లైను మాత్రం 40 ఇళ్ల కోసం వేసిందే, కొన్ని చోట్ల నిజాం కాలం నాటిది.

ఎత్తయిన భవనాల నుంచి ఇంపాక్ట్ ఫీజు వసూలు చేసేది ఈ బరువు కోసమే. ఆ డబ్బు నగరం మొత్తం ఖాతాలోకి పోయి, టవర్ లేచిన వీధిలో పైపు మారకపోతే పక్కవాళ్ల ఇళ్ల ముందు మ్యాన్‌హోల్ పొంగుతుంది. టవర్ మీద చుట్టుపక్కల వాళ్లకు కోపం మొదలయ్యేది ఎక్కువగా అక్కడే, ఎత్తు చూసి కాదు. మంచి పక్క కూడా ఉంది: మురుగు శుద్ధి చేసి ఫ్లష్‌కు, మొక్కలకు వాడే రెండో పైపు వరస కొత్త భవనంలోనే తేలిగ్గా కుదురుతుంది. పాత ఐదంతస్తుల భవనంలో అది అయ్యే పని కాదు.

గోడ పక్కన ఇస్త్రీ బండి

చిక్కడపల్లి లాంటి చోట ఒక సందులో మధ్యాహ్నం మూడింటికి నిలబడితే వీధి ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. చెట్టు కింద ఇస్త్రీ బండి. రెండో అంతస్తు నుంచి ఒకావిడ తాడుకు కట్టిన బుట్ట దించుతుంది, కూరగాయల బండివాడు అందులో టమాటాలు వేస్తాడు. కింద కిరాణా, పక్కన టైలరు. ఎవరింటికి ఎవరొచ్చారో ఇస్త్రీ అతనికి తెలుసు. కెమెరా లేకుండానే కాపలా.

ఆ స్థలంలో 90 మీటర్ల ముఖం ఉన్న టవర్ వస్తే రోడ్డుకు కనబడేది ఒక గేటు, సెల్లార్ ర్యాంపు, మిగతాదంతా కాంపౌండ్ గోడ. గోడ వెనక 19 మీటర్ల ఖాళీ. ఆ వెనక మూడంతస్తుల పార్కింగ్ పోడియం, అంటే టవర్ కింది వెడల్పాటి అడుగు భాగం. మొదటి కాపురం నలభై అడుగుల పైన మొదలవుతుంది. సాయంత్రం ఏడు దాటాక ఆ గోడ పక్క నడవడానికి ఆడపిల్లలు ఇష్టపడరు. పునరుద్ధరణ పేరుతో వచ్చిన భవనం వీధిని చంపేసే తీరు ఇదే, పైగా ఏ నిబంధనా ఉల్లంఘించకుండా.

ఫైరింజన్‌కు దారి వదిలే నిబంధనే ఇక్కడ వీధికి గోడ కట్టిస్తోంది. రెండూ కుదరాలంటే ముందు సెట్‌బ్యాక్‌ను గోడ లేకుండా ఫుట్‌పాత్‌తో కలిపేయాలి; పైన చెట్ల నీడ, కింద ఫైరింజన్ బరువు మోసే గచ్చు. పోడియంలో రోడ్డు వైపు ముఖమంతా కొట్లకు, క్లినిక్కులకు, ట్యూషన్ సెంటర్లకు ఇచ్చి పార్కింగ్‌ను వాటి వెనక దాచాలి. పత్తర్‌గట్టి చేసింది ఇదే, కార్లు లేని రోజుల్లో. సింగపూర్‌లో తాంజొంగ్ పగార్ వద్ద ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ పాత బ్లాకులు తీసిన చోట 2009లో పూర్తయిన పినకిల్ డక్స్‌టన్ ఇంకా ముందుకు పోయింది. 50 అంతస్తుల టవర్లు ఏడు, 1848 ఇళ్లు, 26వ అంతస్తులోనూ 50వ అంతస్తులోనూ టవర్లన్నిటినీ కలిపే ఆకాశ వంతెనలు. ప్రభుత్వ ఇళ్లు కూడా అంత శ్రద్ధగా కట్టొచ్చని అది చూపింది. కానీ అక్కడ భూమి, రవాణా, నిర్వహణ ఒకే చేతిలో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఆ మూడూ మూడు ఆఫీసుల్లో ఉంటాయి.

అక్కడే ఉండగలిగేది ఎవరు

ఈ నగరంలోనే రెండు నమూనాలు ఉన్నాయి. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట దగ్గర ఐడీహెచ్ కాలనీలో పాత ఇళ్లు తీసి అదే చోట 396 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు కట్టి 2015లో ఇచ్చారు. గ్రౌండ్ మీద రెండంతస్తులే, లిఫ్టు అక్కర్లేదు, పని చేసే చోటు మారలేదు. రెండోది కొల్లూరు: 2023లో ప్రారంభమైన 15,660 ఇళ్లు, 117 బ్లాకులు, స్టిల్ట్ మీద తొమ్మిది నుంచి పదకొండు అంతస్తులు. కట్టడం పెద్దది, కానీ ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర. కోఠీలో బండి పెట్టుకునేవాడికి అక్కడి ఇల్లు ఎంత బాగున్నా, బస్సులో పోయే గంటలే అసలు అద్దె. టవర్‌కు పునరుద్ధరణలో నిజమైన ఉపయోగం ఇక్కడ కనబడుతుంది: ఉన్నవాళ్లను దూరం పంపకుండా అదే నేల మీద అందరికీ చోటు దొరకడానికి ఎత్తు పనికొస్తుంది. ముంబై వర్లీ బీడీడీ చాళ్లలో 160 చదరపు అడుగుల గదుల్లో ఉన్నవాళ్లకు అదే చోట టవర్లలో 500 అడుగుల ఇళ్లు ఇవ్వడం 2025లో మొదలైంది.

ఇల్లు ఇవ్వడంతో లెక్క పూర్తి కాదు. లిఫ్టు, పంపు, మురుగు శుద్ధి చేసే ఎస్‌టీపీ, జనరేటరు, ఫైర్ పంపులు నెలనెలా డబ్బు తింటాయి. ఉదాహరణకు చదరపు అడుగుకు 4 రూపాయలు వేస్తే 1500 అడుగుల ఫ్లాటుకు నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. పాత భవనంలో వాచ్‌మన్‌కూ మోటారుకూ కలిపి వెయ్యో రెండువేలో ఇచ్చి అలవాటైన పెన్షనర్ ఈ మొత్తం మూడేళ్లు కడతాడు, నాలుగో ఏడు ఫ్లాటు అమ్ముకుంటాడు. ఎవరూ ఖాళీ చేయించకుండానే జనం మారిపోతారు. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం 1950లలో మురికివాడలు తీసి కట్టిన ప్రూయిట్ ఐగో 33 భవనాల కాలనీ ఈ లెక్క తప్పే పడిపోయింది. నిర్వహణ ఖర్చు అద్దెల నుంచే రావాలన్నారు. ఇళ్లు ఖాళీ అయ్యేకొద్దీ డబ్బు తగ్గింది, డబ్బు తగ్గేకొద్దీ లిఫ్టులు ఆగాయి, లిఫ్టులు ఆగేకొద్దీ ఇంకా ఖాళీ అయ్యాయి. 1972లో కూల్చడం మొదలుపెట్టారు.

డబుల్ బెడ్‌రూమ్ కాలనీల్లో కొన్నిచోట్ల కింద దుకాణాలు కట్టి, వాటి అద్దెతో లిఫ్టులు నడపాలని వేసిన పథకం ఆలోచనగా సరైనది. ప్రైవేటు రీడెవలప్‌మెంట్‌లోనూ అదే చేయొచ్చు. రోడ్డు వైపు పెట్టిన ఆ కొట్లలో రెండు మూడింటిని బిల్డర్ వాటాలోంచి తీసి అసోసియేషన్ పేరున రాయిస్తే, వీధికి వెలుగూ భవనానికి నెల ఆదాయమూ రెండూ వస్తాయి. నిర్మాణంలో లోపాలకు రెరా కింద బిల్డర్ బాధ్యత ఐదేళ్లు. లిఫ్టులు మార్చే ఖర్చు ఇరవై ఏళ్ల తర్వాత వస్తుంది. పాత ఓనర్ల ముందుకు డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ వచ్చినప్పుడు ఎలివేషన్ బొమ్మ మొదటి పేజీలోనే ఉంటుంది. భవనం నిర్వహణకు దాచే కార్పస్ ఫండ్ ఎంత, కొట్ల అద్దె ఎవరి ఖాతాలోకి పోతుంది అన్న వరుసలు ఉంటే చివరి పేజీల్లో ఉంటాయి, లేకపోతే సంతకానికి ముందే రాయించుకోవాలి.